పంచాయతీ ట్రాక్టరు బ్యాటరీ: క్లాంప్ మీటరుతో పరీక్ష

గ్రామ పంచాయతీ ఆస్తులనగానే పూర్వము బావి, చావడి, సంత స్థలము, వీధి దీపములు జ్ఞప్తికి వచ్చెడివి. నేడు వాటిలో మోటారు వాహనము కూడ చేరినది. తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. ఉదయమున చెత్త ఎత్తుట, నర్సరీ మొక్కలకు నీరు పెట్టుట, వేసవిలో నీటి ఎద్దడి గల వాడలకు ట్యాంకరు పంపుట, ఇవన్నియు ఆ ఒక్క ట్రాక్టరుపై ఆధారపడి యున్నవి. అది కదలని దినమున గ్రామములోని పనులు సగము నిలిచిపోవును.

ఈ వాహనము విషయమున పంచాయతీ సమావేశమునకు తరచుగా వచ్చు బిల్లు ఒకటి కలదు. అది బ్యాటరీ బిల్లు. డ్రైవరు ఉదయమున తాళము త్రిప్పును; సెల్ఫు 'టక్' మని ఊరకుండును. నలుగురు చేరి త్రోయుదురు, లేదా పొరుగు రైతు ట్రాక్టరు బ్యాటరీనుండి తీగెలు కలిపి నడిపింతురు. నాలుగు దినములు ఇట్లు గడచిన పిమ్మట మెకానిక్కు వచ్చి "బ్యాటరీ పోయినది" అని తేల్చును. క్రొత్తది వచ్చును. కొన్ని నెలలకు మరల అదే కథ.

ఈ వ్యాసకర్త ఎరిగిన ఒక పంచాయతీలో పదునాలుగు నెలలలో రెండు బ్యాటరీలు మార్చిరి. మూడవ దానికి అంచనా వచ్చినపుడు వార్డు సభ్యుడొకరు లేచి, క్రొత్త బ్యాటరీ తీసి పాతది పెట్టుచున్నారేమో విచారింపవలెననిరి. ఎవరి పేరును చెప్పలేదు, చెప్పవలసిన అవసరమును లేకపోయెను. ట్రాక్టరు తాళము ఉండునది డ్రైవరు వద్దనే కదా! "అమ్మా, నేను దానిమీద చేయి వేసి ఎరుగను. బ్యాటరీమీద నంబరుండును, బిల్లుతో సరిచూచుకొనండి" అని అతడు సర్పంచి గారితో మొరపెట్టుకొనెను. బిల్లు తీసి చూడగా అందులో నంబరు వ్రాయబడి యుండలేదు. విచారణ తేలువరకు అతని నెల జీతము ఆపిరి.

ఆ వివాదమును తీర్చినది సాక్షులు కారు, ప్రమాణములు కావు. అరచేతిలో ఇముడు చిన్న యంత్రమొకటి. దానినే క్లాంప్ మీటరు అందురు. ట్రాక్టరు, కారు, జీపు, వీటన్నిటిలోను విద్యుత్తు ఎచ్చటనుండి ఎచ్చటికి ఎంత పోవుచున్నదో తీగె కోయకుండ, ముడి విప్పకుండ చూపగల సాధనమిది. పంచాయతీ సభ్యులు మెకానిక్కులు కానక్కరలేదు. కాని బిల్లుపై సంతకము చేయువారు ఏ ప్రశ్న అడుగవలెనో తెలిసికొని యుండుట అవసరము.

మొదట రెండు మాటల అర్థము చెప్పుకొందము. ఊరి మంచినీటి ట్యాంకు ఎత్తుగా నున్నకొలది కుళాయిలో నీటి ఒత్తిడి హెచ్చును. విద్యుత్తులో అట్టి ఒత్తిడికి వోల్టు కొలమానము. కుళాయినుండి వాస్తవముగా ప్రవహించు నీటి వేగము వంటిది ఆంపియరు. ట్యాంకులో పట్టు మొత్తము నీటి వంటిది ఆంపియర్-గంట. సాధారణముగా ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులది. దానిలో ఆరు గదులుండును, ఒక్కొక్క గది ఇంచుమించు 2.1 వోల్టుల నిచ్చును. కావున నిండుగా చార్జి అయి విశ్రాంతిలో నున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపును, 12.2 చూపినచో సగము ఖాళీ అయినట్లు భావింపవచ్చును. మన లెక్కలకు 80 ఆంపియర్-గంటల బ్యాటరీని తీసికొందము.

ఇక ఒక తప్పు అభిప్రాయమును తొలగింపవలసి యున్నది. "మాటిమాటికి సెల్ఫు కొట్టి బ్యాటరీ దింపినాడు" అని డ్రైవర్లను నిందించుట వాడుక. డీజిలు ట్రాక్టరు సెల్ఫు మోటారు 250 ఆంపియర్లు తీసికొనుననుకొందము. అది పెద్ద అంకెయే. కాని నాలుగు సెకండ్లు మాత్రమే తీసికొనును. లెక్క కట్టినచో ఒక్క పర్యాయమునకు 0.28 ఆంపియర్-గంట మాత్రమే ఖర్చగును. ఇంజను నడుచుచున్న కొద్ది నిమిషములలోనే ఆ లోటు పూడును. వేరొక ప్రక్క, ఎచ్చటనో ఒక తీగె ద్వారా 0.6 ఆంపియరు రాత్రింబవళ్లు కారుచున్నదనుకొనుడు. చూచుటకు అల్పము. కాని అరగంట గడవక మునుపే అది సెల్ఫు ఖర్చును మించును; దినమునకు 14 ఆంపియర్-గంటలకు పైగా పోవును. శనివారము సాయంకాలము నిలిపిన బండి సోమవారము ఉదయమునకు నాలుగవ వంతుకు మించి ఖాళీ యగును. సంక్రాంతికి మూడు దినములు నిలిపినచో సగముకంటె ఎక్కువ పోవును. బండి ప్రతి దినము కాక, సెలవు తరువాతి ఉదయముననే మొరాయించుచున్నదా? అట్లయినచో కారుటను అనుమానింపవలెను. పాఠకులు తమ గ్రామపు లాగ్ బుక్కు తిరుగవేసి చూచినచో ఈ సంగతి వారికే తెలియవచ్చును.

ఇప్పుడు మీటరు సంగతి. విద్యుత్తు ప్రవహించు తీగె చుట్టును అయస్కాంత శక్తి ఏర్పడునని డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు అయిర్‌స్టెడ్ 1820లో కనుగొనెను. తీగె దగ్గర నుంచిన దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగుటయే ఆయనకు దొరికిన ఆధారము. ప్రవాహము హెచ్చినచో ఆ శక్తియు హెచ్చును. కాబట్టి తీగెను తాకకయే, దాని చుట్టునున్న అయస్కాంత శక్తిని కొలిచి ప్రవాహమెంతయో చెప్పవచ్చును. క్లాంప్ మీటరుకు పట్టుకారు వలె తెరచుకొను రెండు దవడలుండును. తీగెను వాటి నడుమ నుంచి దవడలు మూయవలెను. అంకె ముఖముపై కనబడును.

అయితే ఈ మీటర్లు రెండు జాతులు. అనుభవజ్ఞులు సైతము పొరబడునది ఇచ్చటనే. పంపు సెట్లు బాగుచేయు ఎలక్ట్రీషియన్ వద్ద క్లాంప్ మీటరు తప్పక యుండును. అది మోటారుకు వచ్చు ఏ.సి. విద్యుత్తును, అనగా సెకండునకు 50 పర్యాయములు ముందుకు వెనుకకు ఊగులాడు విద్యుత్తును కొలుచునది. దాని దవడలలో నున్నది ఒక విధమైన ట్రాన్స్‌ఫార్మరు. ఊగులాట లేనిదే అది పలుకదు. బ్యాటరీనుండి వచ్చునది ఒకే దిక్కున పారు డి.సి. విద్యుత్తు. పంపు సెట్టు మీటరును ట్రాక్టరు తీగెకు పట్టించినచో వంద ఆంపియర్లు పారుచున్నను సున్నయే చూపవచ్చును. "కారుటేమియు లేదు, బ్యాటరీయే చెడినది" అను తీర్పు ఆ సున్న ఆధారముగా వెలువడును! డి.సి. కొలుచు మీటరు దవడల సందులో వేరొక చిన్న పరికరముండును. అమెరికాలో ఎడ్విన్ హాల్ అను యువకుడు 1879లో పలుచని బంగారు రేకుపై చేసిన పరీక్షలో బయటపడిన ధర్మము దానికి మూలము. విద్యుత్తు పారుచున్న రేకును అయస్కాంతము నడుమ నుంచినచో రేకు అంచుల మధ్య స్వల్పముగా వోల్టేజి పుట్టును. ఊగులాట లేకున్నను అది పని చేయును.

రెంటిని గుర్తించుట కష్టము కాదు. మీటరు త్రిప్పుడు బిళ్లపై ఆంపియరు గుర్తు ప్రక్కన అలవంటి వంకర గీత మాత్రమే యున్నచో అది ఏ.సి. మీటరు. అడ్డముగా తిన్నని గీత, దాని క్రింద మూడు చుక్కలు కూడ ఉన్నచో డి.సి. కొలుచును. వోల్టుల ప్రక్కన ఈ గుర్తు ఉండుట చూచి మోసపోరాదు, ఆంపియర్ల ప్రక్కన ఉన్నదా అని చూడవలెను. రెండవ విషయము: అతి చిన్న అంకె ఎంతవరకు చూపునో విచారింపవలెను. వందల ఆంపియర్లకు తయారైన మీటర్లలో చాలవాటికి 0.1 ఆంపియరుకు లోపల లెక్క తెలియదు. కారుటను పట్టుటకు 0.01 లేక అంతకంటె సూక్ష్మమైన అంకె చూపు శ్రేణి కావలెను.

పరీక్షకు ముందు మీటరును సున్న చేయుట మరువరాదు. దవడల ఇనుములో పాత అయస్కాంతము కొంత మిగిలి యుండును. భూమి అయస్కాంతము కూడ దానిని తాకుచుండును. తీగె దగ్గరనే, దానిని పట్టించు భంగిమలోనే మీటరు నుంచి, దవడలు ఖాళీగా మూసి, సున్న బొత్తాము నొక్కి, అటుపై తీగెను పట్టవలెను. పోవు తీగె, వచ్చు తీగె రెండును కలిపి పట్టరాదు. ఒకదాని ప్రభావమును మరియొకటి చెరపివేసి సున్న వచ్చును. దవడలు పూర్తిగా మూసికొనవలెను, నడుమ మురికి చేరరాదు.

మీటరు నిజము చెప్పుచున్నదా అని తెలిసికొనుటకు సులభమైన ఉపాయము కలదు. ఇంజను ఆపి హెడ్‌లైట్లు వేయుడు. 55 వాట్ల బల్బులు రెండు వెలిగినచో మొత్తము 110 వాట్లు. దానిని 12తో భాగించినచో 9 ఆంపియర్లకు కొంచెము పైన వచ్చును. వెనుక దీపములతో కలిసి మీటరు 10 ప్రాంతమున చూపినచో దానిని నమ్మవచ్చును. సున్న చూపినచో అది ఏ జాతిదో మరల చూచుకొనుడు. చేయి కుదురుటకు కూడ ఇది మంచి అభ్యాసము.

ఇక ముఖ్యమైన పరీక్ష, బండి నిద్రించుచున్నపుడు చేయునది. తాళము తీసి, దీపములన్నియు ఆర్పి, బ్యాటరీనుండి బండి ఇనుముకు పోవు ఎర్తు తీగెపై మీటరు పట్టించవలెను. ఒకే మొనకు రెండు మూడు తీగెలు బిగించి యున్నచో అన్నిటిని కలిపి దవడలలో చేర్చవలెను, లేనియెడల కారుట వదలివేసిన తీగెలో నుండి తప్పించుకొనును. కంప్యూటర్లు లేని సాదా ట్రాక్టరులో ఇంచుమించు సున్నయే రావలెను. నేటి కార్లలో గడియారము, దొంగతన నివారణ యంత్రము మొదలైనవి కొంత తీసికొనును. 0.05 ఆంపియరుకు లోబడి యున్నచో సాధారణముగా ఆక్షేపణ లేదు. కారు తలుపులు మూసి తాళము వేసిన పిదప దానిలోని కంప్యూటర్లు నిద్రపోవుటకు అరగంట, ఒక్కొక్కప్పుడు గంట పట్టును. తొందరపడి ముందే కొలిచి, లేని దోషమును వెదకువారు కలరు.

అంకె ఎక్కువగా నున్నచో దోషమును వెదకుట మీటరును అట్లే యుంచి ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయుటయే. దేనిని తీయగా అంకె పడిపోవునో ఆ త్రోవలో తప్పు కలదు. హారను తీగె నలిగి యుండవచ్చును. తరువాత తగిలించిన పాటల పెట్టె, అదనపు దీపము తాళముతో సంబంధము లేకుండ నేరుగా బ్యాటరీకి కలిపి యుండవచ్చును. మన గ్రామములలో ఈ రెండవదే ఎక్కువ. అంకె మరీ చిన్నదై స్పష్టపడనిచో, అనుమానము గల సన్నని తీగె పొడవుగా నున్నయెడల, దానిని దవడలలో అయిదు చుట్లు త్రిప్పి, వచ్చిన అంకెను అయిదుతో భాగించిన సరిపోవును.

పైన చెప్పిన పంచాయతీలో జరిగినదిది. మండల కేంద్రమున వాహనముల విద్యుత్ పని చేయు యువకుడొకడు మీటరు తెచ్చి ఎర్తు తీగెపై పట్టగా 0.6 కనబడెను. ఫ్యూజులు అన్నియు తీసివేసెను. అంకె కదలలేదు. సర్పంచి గారును, ఆక్షేపించిన సభ్యులును ప్రక్కనే నిలిచి చూచుచున్నారు. అతడు అప్పుడు ఆల్టర్నేటరు వెనుకనున్న లావుపాటి తీగెపై దవడలు మూసెను. ఆ తీగెకు ఫ్యూజు లేదు. అచ్చటను 0.6, మీటరుపై బాణపు గుర్తును బట్టి చూడగా, ఇంజను ఆగియున్నను విద్యుత్తు బ్యాటరీనుండి ఆల్టర్నేటరులోనికే పోవుచున్నది. బ్యాటరీకి చార్జి నింపవలసిన యంత్రమే రాత్రులందు దానిని త్రాగుచున్నదన్న మాట. ఆల్టర్నేటరులో డయోడ్లను చిన్న భాగములుండును. విద్యుత్తును ఒక దిక్కుననే పోనిచ్చు తలుపుల వంటివవి. అందులో ఒకటి చెడినది. అంతకుముందు మార్చిన రెండు బ్యాటరీలును నిజముగా చెడినవే, మెకానిక్కు అబద్ధమాడలేదు. పూర్తిగా దిగిపోవుట, మరల ఎక్కుట, మరల దిగుట, ఇట్లు జరిగినచో లోపలి సీసపు పలకలు గట్టిపడి శక్తిని పట్టజాలవు. చెడినది బ్యాటరీయే, చెరచినది మాత్రము వేరొకటి.

ఆ డయోడు ఏల చెడెనని విచారింపగా ఒక పాత అలవాటు బయటపడినది. చార్జింగు అగుచున్నదా లేదా అని చూచుటకు, ఇంజను నడుచుచుండగా బ్యాటరీ మొన ఊడదీసి "ఇంజను ఆగలేదు, డైనమో మంచిదే" అని చెప్పుట వృద్ధ మెకానిక్కుల పద్ధతి. పూర్వకాలపు డైనమోలతో అది కొంతవరకు చెల్లినది. ఆల్టర్నేటరు గల బండిలో అట్లు చేసినచో వోల్టేజి ఒక్కుమ్మడిగా పైకెగసి డయోడ్లను, రెగ్యులేటరును, కంప్యూటరు ఉన్నచో దానిని కూడ కాల్చవచ్చును. ఈ గ్రామమున అదియే కారణమని రూఢిగా చెప్పజాలము. కాని అచ్చటి బండిపై ఆ పరీక్ష పలుమార్లు జరిగిన మాట నిజము. పంచాయతీ వాహనముపై దీనిని ఎవరు చేయబోయినను వారింపుడు.

క్లాంప్ మీటరున్నచో ఆ సాహసముతో పనియే లేదు. బ్యాటరీ ధన మొనకు పోవు తీగెలన్నిటిపై, బాణము బ్యాటరీ వైపు చూచునట్లు మీటరు నుంచి ఇంజను నడిపించినచో, చార్జి ఎక్కుచున్నపుడు అంకె మామూలుగాను, దిగుచున్నపుడు ముందు ఋణ గుర్తుతోను కనబడును. ఇంజను అందుకొనిన వెంటనే పది, ఇరువది ఆంపియర్లు ఎక్కి, బ్యాటరీ నిండినకొలది క్రమముగా తగ్గవలెను. ఇంజను వేగముగా తిరుగుచున్నను ఋణ గుర్తు పోనిచో చార్జింగు లేదు. బెల్టు వదులైనదేమో మొదట చూడవలెను. ఆ సమయమున మొనలవద్ద వోల్టులు 13.8 మొదలు 14.5 వరకు ఉండుట మంచిది.

సెల్ఫు పరీక్షకు ఇంజను అందుకొనకుండ డీజిలు నిలుపు మీట లాగి, గేరు తటస్థమున నుంచి, బ్రేకు బిగించి, నాలుగైదు సెకండ్లు మాత్రము త్రిప్పవలెను. మామూలు మల్టీమీటరుతో దీనిని చేయబూనిన అది మాడిపోవును, దానిలోనుండి 10 ఆంపియర్లకు మించి పోనీయరాదు. సెల్ఫు మందముగా తిరుగుచు అంకె మాత్రము మిక్కిలి హెచ్చుగా నున్నచో మోటారే బిగిసినది, లేదా లోపల కాలినది. మందముగా తిరుగుచు అంకెయు తక్కువగా నున్నచో బ్యాటరీ బలహీనమై యుండవచ్చును, లేదా మొనల వద్ద చిలుము పట్టియుండవచ్చును. చిలుమును తేలికగా చూడరాదు. ఒక ఓములో నూరవ వంతు అడ్డంకి చాలు, 250 ఆంపియర్లు పోవునపుడు అచ్చటనే 2.5 వోల్టులు మ్రింగివేయును. పండ్రెండింటిలో రెండున్నర! వేడినీటితో కడిగి, గరుకు కాగితముతో రుద్ది బిగించినచో పోవు జబ్బునకు క్రొత్త బ్యాటరీ కొన్న పంచాయతీలు లేకపోలేదు.

బ్యాటరీలో ఎంత బలము మిగిలినదో ఈ మీటరు ఒక్కటే చెప్పలేదు. కారుట లేక, చార్జింగు సక్రమమై, మొనలు శుభ్రముగా నుండియు బండి మొరాయించుచున్నచో దుకాణములోని లోడు పరీక్ష చేయించి, అపుడు మార్చుటకు సంకోచింపనక్కరలేదు.

పరీక్ష చేయువారి ఒంటిపై ఉంగరము, కడియము, వాచీ ఉండరాదు. ఉంగరము రెండు మొనలకు తగిలినచో వ్రేలు కాలును. ఫ్యాను దగ్గర తువ్వాలు, పంచె అంచులు వ్రేలాడరాదు. చార్జి అగుచున్న బ్యాటరీనుండి మండెడి హైడ్రోజన్ వాయువు వచ్చును గనుక బీడీ దూరముగా నుండవలెను. విద్యుత్ కార్లలో నారింజ రంగు తొడుగు గల లావు తీగెలుండును. వాటిలో వందల వోల్టులు ప్రాణాంతకముగా నుండును. శిక్షణ పొందినవారు తప్ప మరెవరును వాటి జోలికి పోరాదు.

ప్రతి పంచాయతీయు మీటరు కొనవలెనని చెప్పుట లేదు. నాలుగైదు గ్రామములకు కలిపి ఒకటి చాలును, లేదా మండల కేంద్రమున అట్టి మీటరు గల పనివానిని పిలిపింపవచ్చును. కాని బ్యాటరీ అంచనా సమావేశమునకు వచ్చినపుడు దానితో పాటు నాలుగు సంగతులు వ్రాసి తెమ్మని కోరుట సభ్యుల హక్కు: బండి నిద్రలో తీసికొనునది ఎంత, సెల్ఫు తీసికొనునది ఎంత, చార్జింగు ఎంత, పాత క్రొత్త బ్యాటరీల నంబర్లు ఏవి. మొదటి మూడును డి.సి. మీటరుతో తీసినవని కూడ వ్రాయించుడు.

ఆ గ్రామమున డయోడ్ల భాగము మార్చుటకైన ఖర్చు బ్యాటరీ వెలలో కొద్ది వంతు మాత్రమే. మార్చిన సాయంకాలము అదే యువకుడు మరల ఎర్తు తీగెపై మీటరు పట్టగా 0.01 వచ్చినది. సర్పంచి గారు దానిని తేదీతో సహా లాగ్ బుక్కులో తమ చేతితోనే వ్రాసి, క్రింద డ్రైవరు చేత సంతకము పెట్టించిరి. ఆపిన జీతము చెల్లింపవలెనని తరువాతి సమావేశమున తీర్మానము వచ్చినపుడు, దానిని బలపరచినవారు మొదట ఆక్షేపించిన ఆ వార్డు సభ్యుడే.